ఇంతకన్నా ఘోరం ఎప్పుడైనా చూశామా?

ఫుట్‌బాల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్లు. మేనేజర్ ఫెర్గూసన్ రిటైరైన 2013లోనే మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. అప్పటినుంచి చూసిందంతా దిగజారడమే. కోపంతో ఒక్క మాట అంటే చాలు, మా మామయ్య "నువ్వేం చూశావురా కష్టాలు! 1989లో ఫెర్గూసన్‌నే పొమ్మన్నారు. ఓపిక పట్టు" అంటాడు. 2024-25లో 15వ స్థానం వచ్చాక కూడా అదే మాట. నిజంగా అప్పటికన్నా ఇప్పుడు నయమా? నాకు కోపం రాకూడదా?

జవాబు: రావచ్చు. ముందు ఆ మాట చెప్పి మిగతాది మాట్లాడతాను.

1999 మే 26 రాత్రి బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బయెర్న్ మ్యూనిక్ మీద ఇంజురీ టైమ్‌లో షెరింగమ్, సోల్షార్ చెరో గోల్ కొట్టినప్పటినుంచి నేను ఈ జట్టు మనిషిని. ఆ ఏడాదే ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చుకుని సీజన్‌కి ఒక పేజీ చొప్పున స్కోర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. పేజీ అడుగున, కుడివైపు మూలన ఒక చిన్న గడి ఉంటుంది. సీజన్ అయిపోయాక లీగ్‌లో ఎన్నో స్థానమో అందులో రాస్తాను. 2013 వరకూ ఆ గడిలో 1, 2, 3 తప్ప ఇంకో అంకె రాయలేదు. 2014లో మొదటిసారి 7 రాశాను. ఆ తర్వాత 4, 5, 6, రెండుసార్లు 2, అలా కిందికీ పైకీ తిరిగింది. 2025 మే 25న ఆస్టన్ విల్లా మీద 2-0తో గెలిచాం కూడా. అయినా 15 రాయాల్సి వచ్చింది. ఒక్క అంకె పట్టేలా గీసుకున్న గడి అది. 5 గీత దాటి బయటికి వచ్చింది. పెన్ను మూత పెట్టి చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

38 మ్యాచ్‌ల్లో 18 ఓటములు, 42 పాయింట్లు. 1974లో కింది డివిజన్‌కి పడిపోయాక జట్టు ఇంత కిందికి ఎప్పుడూ రాలేదు. విల్లా మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ ఓడిపోయాం. ఓడించిన టోటెన్‌హామ్ ఆ సీజన్ లీగ్‌లో 17వ జట్టు. కాబట్టి మీది పనిలేని కోపం కాదు.

మీ మామయ్య చెప్పింది అబద్ధమూ కాదు. 1989 సెప్టెంబర్‌లో అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ తన మైదానం మెయిన్ రోడ్‌లో 5-1తో చిత్తు చేసింది. డిసెంబర్‌లో మన మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ స్టాండ్స్‌లో ఒక బ్యానర్ లేచింది. మూడేళ్ల సాకులు చాలు, ఇక వెళ్లిరమ్మని ఫెర్గూసన్‌కి చెప్పడం దాని సారాంశం. 1990 జనవరి 7న ఎఫ్.ఏ. కప్ మూడో రౌండ్ ఆడటానికి నాటింగ్‌హామ్ వెళ్లేసరికి, ఇది కూడా ఓడితే ఆయన పని అయిపోయినట్టేనని అందరూ అనుకుంటున్నారు. రెండో సగంలో ఎడమవైపు నుంచి మార్క్ హ్యూజ్ కుడికాలి బూటు బయటి అంచుతో బంతిని వంపు తిప్పి లోపలికి పంపాడు. 20 ఏళ్ల మార్క్ రాబిన్స్ డిఫెండర్‌కి ముందుగా వచ్చి తలతో కొట్టాడు. 1-0. లీగ్‌లో 13వ స్థానంతో సరిపెట్టుకున్నా ఆ మే నెలలో కప్పు వచ్చింది. 1993లో, 26 ఏళ్ల తర్వాత, లీగ్ వచ్చింది. (ఆ రోజు ఓడినా తీసేసేవాళ్లం కాదని అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ తర్వాత చెప్పారు. అయినా జనం ఆ గోల్‌నే తలుచుకుంటారు. నేనూ అంతే.)

తర్వాత ఏం జరిగిందో తెలుసు కాబట్టి ఆ చలికాలం ఇవాళ మనకి తియ్యగా ఉంది. బ్యానర్ పట్టుకున్నవాళ్లకి 1993 గురించీ తెలియదు, బార్సిలోనా గురించీ తెలియదు. 1967 తర్వాత లీగ్ గెలవలేదన్నది మాత్రం బాగా తెలుసు. వాళ్ల కోపాన్ని నేను తప్పు పట్టలేను. మీ కోపాన్నీ పట్టను.

ఇక ఓపిక సంగతి. టైమ్ ఇచ్చినంత మాత్రాన ప్రతి మేనేజరూ ఫెర్గూసన్ అయిపోరు. డేవ్ సెక్స్‌టన్‌కి 1977 నుంచి నాలుగేళ్లు ఇచ్చారు. పెద్ద ట్రోఫీ ఒక్కటీ రాలేదు. 1981లో చివరి ఏడు లీగ్ మ్యాచ్‌లు వరసగా గెలిచి కూడా ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన పేరు చెప్పి ఓపిక పట్టమని ఎవరూ అనరు కదా!

ఫెర్గూసన్‌కి దొరికిన ఆ మూడేళ్లలో పైకి కనిపించని పని ఒకటి జరిగింది. ఆయన రాగానే స్కౌట్లని పెంచి పిల్లల్ని వెతికించారు. సిటీ దగ్గర ప్రాక్టీస్ చేస్తున్న ఒక కుర్రాడి ఇంటికి స్వయంగా వెళ్లారు. 1987 నవంబర్ 29న, సరిగ్గా 14వ పుట్టినరోజున, ఆ కుర్రాడు యునైటెడ్‌కి సంతకం పెట్టాడు. అతనే ర్యాన్ గిగ్స్. 1992లో యూత్ కప్ గెలిచిన జట్టులో అతనితోపాటు బెక్‌హామ్, బట్, గ్యారీ నెవిల్ ఉన్నారు. అంటే 1990లో పట్టిక 13 అని చూపిస్తున్నప్పుడే కింద నారు పోసి ఉంది.

అందుకే 2024-25ని నేను 1989తో పోల్చను, 1974తో పోలుస్తాను. 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టు ముసలిదైపోతుంటే కొత్తవాళ్లని సమయానికి తేలేదు. మరుసటి ఏడాది మేనేజర్ మ్యాట్ బస్బీ తప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ నిలదొక్కుకోలేదు. ఐదేళ్లలో జట్టు కింది డివిజన్‌లో ఉంది. ఫెర్గూసన్ వెళ్లాక కూడా అదే వరస. 2024 చివరికి ఆరుగురు శాశ్వత మేనేజర్లు వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, ఒక్కొక్కరు కొనిపించిన ఆటగాళ్లు వేరు. ఒకరు పెట్టిన ఇటుక మీద ఇంకొకరు ఇటుక పెట్టలేదు, వచ్చినవాళ్లంతా మళ్లీ పునాది తవ్వారు. అభిమానుల ఓపిక తక్కువై ఇలా జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీ మామయ్యతో గొడవ పెట్టుకోకండి. "అప్పుడు కింద గిగ్స్ పెరుగుతున్నాడు, ఇప్పుడు ఎవరు పెరుగుతున్నారు?" అని మాత్రం అడగండి. ఆయన రెండు మూడు పేర్లు చెప్పి, వాళ్ల ఆట గురించి వివరించగలిగితే అప్పుడు ఓపిక పట్టండి.

ప్రశ్న: ఒకప్పటి సొంత ఆటగాడు డెనిస్ లా కొట్టిన గోల్ వల్లే 1974లో యునైటెడ్ పడిపోయిందంటారు. నిజమేనా?

జవాబు: కాదు. 1974 ఏప్రిల్ 27న సిటీ తరఫున ఆడుతూ, ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే, లా మడమతో ఆ గోల్ కొట్టిన మాట నిజం. కానీ అదే రోజు, పడిపోకుండా ఉండటానికి పోటీపడుతున్న బర్మింగ్‌హామ్ గెలిచింది. యునైటెడ్ ఆ మ్యాచ్ గెలిచినా పడిపోయేదే. ఆ సీజన్ ఎంత అధ్వాన్నమంటే, క్రిస్మస్ నాటికి జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లలో గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీ ఉన్నాడు. రెండు పెనాల్టీలతో!

ఆ గోల్ వీడియో దొరికితే బంతిని వదిలేసి లా ముఖం చూడండి. యునైటెడ్‌లో ఉన్న 11 ఏళ్లూ గోల్ కొట్టగానే చొక్కా చేతి అంచుని పిడికిట్లో బిగించి చెయ్యి పైకెత్తడం ఆయన అలవాటు. ఆ రోజు రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి. సహచరులు వచ్చి తడుతున్నా తల ఎత్తలేదు. వెంటనే బయటికి పిలిచేశారు. క్లబ్ ఫుట్‌బాల్‌లో లీగ్ మ్యాచ్ ఆయన మళ్లీ ఆడలేదు. 2025 జనవరిలో ఆయన కన్నుమూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వాలిపోయిన తలే.

ఇంకొకటి. పడిపోయిన మరుసటి సీజన్‌లో, రెండో డివిజన్‌లో ఆడుతూ కూడా, ఇంగ్లండ్ మొత్తంలో ఎక్కువ సగటు జనం వచ్చింది యునైటెడ్ మైదానానికే. ఆ డివిజన్ గెలిచి ఒక్క ఏడాదిలో పైకి వచ్చేశారు.

ప్రశ్న: యునైటెడ్ చరిత్రలో అన్నిటికన్నా గడ్డుకాలం ఏది? 1974యేనా?

జవాబు: 1958 మ్యూనిక్ విమాన ప్రమాదాన్ని ఈ లెక్కలో చేర్చను. 23 మంది ప్రాణాలు పోయిన రోజుని ఓటముల పక్కన పెట్టి చూడటం నాకు చేతకాదు.

ఆట వరకూ అయితే 1930వ దశకం. 1930-31లో మొదటి 12 లీగ్ మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయారు. ఆ సీజన్ 42 మ్యాచ్‌ల్లో 115 గోల్స్ ఇచ్చుకుని అట్టడుగున పడిపోయారు. 1931 డిసెంబర్‌కి ఆటగాళ్లకి జీతాలివ్వడానికి డబ్బు లేదు, బ్యాంకు అప్పు పుట్టలేదు. జేమ్స్ గిబ్సన్ అనే వ్యాపారి ముందుకొచ్చి తన డబ్బు పెట్టకపోతే ఇవాళ మనం తిట్టుకోవడానికైనా ఈ క్లబ్బు ఉండేది కాదేమో. కష్టం అక్కడితో ఆగలేదు. 1934 మేలో, రెండో డివిజన్ చివరి రోజున, మూడో డివిజన్‌కి జారిపోయే స్థితిలో మిల్‌వాల్ మైదానానికి వెళ్లారు. గెలిస్తేనే ఉంటారు. 2-0తో గెలిచారు, మిల్‌వాల్ పడిపోయింది.

పాత కష్టాల గురించి మాట్లాడేటప్పుడు ఈ మ్యాచ్‌ని ఎవరూ ఎత్తరు. చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు, అందుకే కాబోలు. నాకైతే రాబిన్స్ గోల్ కన్నా ఈ 2-0 పెద్దది.

ప్రశ్న: నేను 2012 నుంచి మాంచెస్టర్ సిటీ అభిమానిని. 2024 చివర్లో 13 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచినప్పుడు నిద్ర పట్టలేదు. పాత అభిమానులు "యార్క్ చేతిలో ఓడిన రోజులు నీకేం తెలుసు" అని కొట్టిపారేస్తారు.

జవాబు: బాధ మీదే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ సీజన్ చివరికి మీరు మూడో స్థానంలో ఉన్నారు. దాన్ని పతనం అనకండి, పాతవాళ్లకి కష్టంగా ఉంటుంది. 1998 డిసెంబర్‌లో యార్క్ సిటీ చేతిలో 2-1తో ఓడినప్పుడు సిటీ పైనుంచి మూడో స్థాయి డివిజన్‌లో ఉంది. 1999 మే 30న వెంబ్లీలో గిల్లింగ్‌హామ్‌తో, పై డివిజన్‌కి ఎక్కేది ఎవరో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్. 90వ నిమిషం వచ్చేసరికి 0-2. హార్లాక్ ఒకటి కొట్టాడు, ఇంజురీ టైమ్‌లో డికోవ్ ఇంకొకటి కొట్టాడు, పెనాల్టీల్లో గెలిచారు. నేను బార్సిలోనా మత్తులో తేలుతున్న వారమే అది. నాలుగు రోజుల తేడాతో రెండు జట్లకీ ఇంజురీ టైమే ప్రాణం పోసింది. మీ పాత అభిమానులని ఆ చివరి నిమిషాల గురించి అడగండి, ఎంత ఇష్టంగా చెబుతారో చూడండి.

ప్రశ్న: మా తమ్ముడికి 13 ఏళ్లు. 2024 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ చూసి యునైటెడ్‌ని ఎంచుకున్నాడు. అప్పటినుంచి క్లాసులో వెక్కిరింపులే. మ్యాచ్ ఓడితే రాత్రి అన్నం మానేస్తున్నాడు. వేరే జట్టుకి మార్చుకోమని చెప్పనా?

జవాబు: చెప్పకండమ్మా. చెప్పినా మారడు, మీ మీద కోపం మాత్రం మిగులుతుంది. అన్నం విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మ్యాచ్ మొదలుకాకముందే పెట్టేయండి.

వాడు చూసిన ఆ ఫైనల్లో సిటీ మీద రెండు గోల్స్ కొట్టిన గర్నాచో, మైనూ ఇద్దరూ క్లబ్ యూత్ జట్టులోంచి వచ్చినవాళ్లే. 1937 అక్టోబర్ నుంచి యునైటెడ్ ఆడిన ప్రతి మ్యాచ్‌కీ, మైదానంలోనో బెంచీ మీదో, సొంత అకాడమీలో పెరిగినవాడు కనీసం ఒకడు ఉంటూనే వచ్చాడు. ఈ సంగతి మీ తమ్ముడికి చెప్పండి. వచ్చే మ్యాచ్‌కి ముందు జట్టు జాబితా రాగానే వాళ్లెవరో వెతికి, ఆట మొదలయ్యేలోపు మీకు పేర్లు చెప్పమనండి.