ఫుడ్ ప్రాసెసర్ కొనాలా, మిక్సీతోనే సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: అక్కా, మా మిక్సీ మొన్న గారెల పిండి రుబ్బుతుంటే మాడు వాసనొచ్చి ఆగిపోయింది. పదేళ్లు వాడాం కాబట్టి బాధేం లేదు. ఎలాగూ కొనాలి కదా ఈసారి ఫుడ్ ప్రాసెసర్ తీసుకుందాం అంటున్నారు మావారు. నలుగురం ఉంటాం, రాత్రిళ్లు రోజూ చపాతీలే, పొద్దున ఇద్దరం ఆఫీసుకి పరిగెత్తాలి. షాపులో పద్నాలుగు అటాచ్‌మెంట్లు ఉన్నది చూపించి ఇదే బెస్ట్ అన్నాడు. ఎనిమిది వేల దాకా పెట్టగలం, ఏం చూసి కొనాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ పద్నాలుగులో ఆర్నెల్ల తర్వాత మీ చేతిలో మిగిలేవి నాలుగేనమ్మా, మిగతావి అట్టపెట్టెలో అటక మీదే ఉంటాయి, మా ఇంట్లో నిమ్మరసం తీసేది అలాగే ఉంది.

ముందు ఒకటి చెప్తా, ఫుడ్ ప్రాసెసర్ పెద్ద గిన్నె తరగడానికి, తురమడానికి, పిండి కలపడానికే, అందులో కొబ్బరి పచ్చడి వేస్తే ముక్కలన్నీ గోడకి అతుక్కుని బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. పచ్చళ్లకి, పొడులకి, గారెల పిండికి మిక్సీ జార్లే కావాలి. అందుకే మనకి పనికొచ్చేది ఒకే మోటారు మీద మిక్సీ జార్లు, ప్రాసెసర్ గిన్నె రెండూ కూర్చునే రకం. ప్రీతి జోడియాక్ లాంటివి ఈ తరహావే, బజాజ్, ఇనల్సా వాళ్లవీ ఉన్నాయి, మీ బడ్జెట్‌లో ఏది వస్తే అది చూడండి.

మీకు రోజూ చపాతీలంటున్నారు కాబట్టి అసలు సంగతి అక్కడే ఉంది. మిక్సీ బ్లేడు మహా వేగంగా తిరుగుతుంది, చపాతీ పిండికి కావాల్సింది వేగం కాదు, నిదానంగా తిరిగే బలం. చాలా మోడళ్లలో గిన్నె కింద గేర్లు పెట్టి స్పీడు తగ్గించేది అందుకే. గేర్లు లేని మామూలు జార్‌లో చపాతీ పిండి కలపబోతే మోటారు మీద పడే భారం గారెల పిండికంటే ఎక్కువ, ఇంక మాడదా మరి! పావుకిలో పిండికి సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్కసారే కాకుండా మూత పైనున్న గొట్టంలోంచి కొంచెం కొంచెంగా పోయండి, పిండి ముద్దై బ్లేడుతో పాటు గుండ్రంగా తిరగడం మొదలవ్వగానే ఆపేయాలి, అది రెండు నిమిషాల్లోపు పనే, ఇంకా తిప్పితే పిండి వేడెక్కి చపాతీలు గట్టిగా వస్తాయి.

కూరగాయల్లో క్యారెట్ తురుము, క్యాబేజీ, అరటికాయ చిప్స్ ముక్కలు బ్రహ్మాండంగా వస్తాయి. ఉల్లిపాయలు మాత్రం పల్స్‌లో మూడు నాలుగు సార్లు టక్ టక్ అనిపించి ఆపాలి, లేదంటే నీళ్లు కారి ముద్దైపోతాయి. బెండకాయ జోలికి వెళ్లకండి, జిగురు. గుత్తి వంకాయకి ఎలాగూ కత్తే.

మోటారు 750 వాట్లు చాలు, 230 వోల్టుల మీద అది మూడు ఆంపియర్ల పైచిలుకే లాగుతుంది కాబట్టి మీ గట్టు మీదున్న మామూలు ప్లగ్గుకే పెట్టుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు చూడండి. భారం ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే ఓవర్‌లోడ్ స్విచ్ ఉందో లేదో కూడా అడగండి, ఎర్ర బటన్ చాలా వాటికి అడుగునే ఉంటుంది, ఆగిపోగానే పాడైందని రిపేరు షాపుకి మోసుకెళ్లేవాళ్లు బోలెడుమంది, కాసేపు చల్లారనిచ్చి అది నొక్కితే చాలు. వారంటీ కార్డు మీద మోటారుకి ఐదేళ్లు అని పెద్దక్షరాల్లో ఉన్నా గిన్నె, మూత, వాషర్లకి ఎంతో వేరేగా చదవండి, ముందు పోయేవి అవే. గిన్నె మూత విరిగితే విడిగా మీ ఊళ్లో దొరుకుతుందా అని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి, ఎందుకంటే చాలావాటికి మూత సరిగ్గా బిగించకపోతే మోటారు స్టార్టే కాదు.

ఒకవేళ మీరు చపాతీ పిండి చేత్తోనే కలుపుకుంటాం అంటే మాత్రం ప్రాసెసర్ మానేసి మంచి మిక్సీ ఒకటి, తాడు లాగే చిన్న చాపర్ ఒకటి కొనుక్కోండి, సగం డబ్బు మిగులుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, ఇక్కడ్నుంచి ప్రాసెసర్ పంపితే పనికొస్తుందా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇక్కడ వాడేది పంపకండి. అక్కడ కరెంటు 120 వోల్టులే, మనది పెడితే నీరసంగా తిరుగుతుంది, మినప్పప్పు నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ 750 వాట్లకి సరిపోయేది బాగా బరువు. మన కంపెనీలే 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి, అమ్మాయిని అక్కడి ఇండియన్ స్టోర్లో అడగమనండి.