లైసెన్సు ఉన్న తుపాకీని మరొకరికి నేరుగా అమ్మవచ్చా?

అమ్మవచ్చు, కానీ కొనే వ్యక్తికి ఆ రకం ఆయుధానికి లైసెన్సు ఉండాలి, పైగా అతని పేరు, చిరునామాతో సహా అమ్మకం సంగతిని జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ లిఖితపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు గడిచాకే తుపాకీ అప్పగించాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ విధించిన ఈ గడువు వల్ల, ఆయుధం ఎవరి చేతికి వెళ్తోందో ముందుగానే విచారించే వీలు అధికారులకు కలుగుతుంది. హైదరాబాద్ నగరంలో లైసెన్సులు చూసేది పోలీసు కమిషనర్ కార్యాలయమే.

ఉదాహరణకు, మలక్‌పేటలోని ఒకరు తన పన్నెండు బోరు తుపాకీని హిమాయత్‌నగర్ వాసికి అమ్మదలచారనుకుందాం. తుపాకీపై చెక్కిన నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. కొనేవారి వద్ద ఇప్పటికే రెండు తుపాకులుంటే, 2019 సవరణ ప్రకారం, సాధారణంగా మూడోది కొనడానికి వీల్లేదు.

ఇద్దరికీ లైసెన్సు ఉంది కదా, పార్శిల్‌లో పంపేస్తే చాలునని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదకరమైన పొరపాటు. లైసెన్సు వ్యక్తికే గాని పెట్టెకు కాదు. దారిలో దాన్ని మోసే కొరియర్ మనిషికి ఆ హక్కు లేదు.