ప్యానెల్ కొనే ముందు ఫ్యాను మార్చు

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో షాపువాడు మూడు కిలోవాట్ల సోలారు పెట్టుకోమన్నాడని, 78 వేలు సబ్సిడీ వస్తుందని రాశావు. సబ్సిడీ మాట నిజమే. కానీ తిత్లీ లాంటి తుఫాను మళ్లీ వస్తే చీకట్లో కూర్చోకూడదనే కదా నీ ఆలోచన? ఆ సంగతి వాడికి చెప్పావా? వాడు అమ్మేది ఆన్‌గ్రిడ్, అంటే వీధి లైనుకి కలిపి నడిచేది, బ్యాటరీ ఉండదు. లైనులో కరెంటు పోతే ఎంత ఎండ కాసినా అదీ ఆగిపోతుంది. స్తంభమెక్కి లైను బాగుచేసేవాడికి మన మేడ మీది కరెంటు కొట్టకూడదని అలా పెడతారు. బిల్లు తగ్గించుకోవడానికి మంచిదే, తుఫాను రాత్రికి మాత్రం పనికిరాదు.

తుఫానుకి కావాల్సింది బ్యాటరీ ఉన్న చిన్న ఏర్పాటు. దానికీ ముందు ఫ్యాన్లు మార్చు. మీ హాల్లో గరగరమనే ఆ పాతది 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యానుకి 30 చాలు. ఇన్వర్టర్లకి పెట్టే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగానికి మించి వాడకపోతే బ్యాటరీ పదికాలాలు ఉంటుంది, అంటే మనకి దక్కేది 900. పాత ఫ్యాన్లు రెండు రాత్రి 8 గంటలు తిరగాలంటే 1200 కావాలి. కొత్తవైతే 480తో సరి, మిగిలినదాంతో లైట్లు, ఫోన్లు. అప్పుడు 330 వాట్ల ప్యానెల్ ఒక్కటి సరిపోతుంది. మంచి ఎండలో రోజుకి యూనిట్ (వెయ్యి వాట్ అవర్లు) పైచిలుకు ఇస్తుంది. ముసురు రోజుల్లో అందులో పావు వంతు వచ్చినా గొప్పే.

ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగు సర్దే కంట్రోలరు దగ్గర పిసినారితనం వద్దు. ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీదే తీసుకో. అంత పెద్ద ప్యానెల్‌కి చౌకరకం తగిలిస్తే 12 వోల్టుల బ్యాటరీకి సగం కూడా చేరదు. ముందు బ్యాటరీ తగిలించి తర్వాత ప్యానెల్, విప్పేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు.

నా తెలివి కూడా విను. మొదట్లో సెకండ్‌హ్యాండ్ లారీ బ్యాటరీ పెట్టాను, ఎనిమిది నెలల్లో చచ్చింది. అది ఇంజను స్టార్టు చేయడానికేగాని రాత్రంతా ఫ్యాను తిప్పడానికి కాదు. ఇంకోసారి రెండు ప్యానెళ్లు వరసగా కలిపి, లైనుకి మామూలు బల్బు స్విచ్చి పెట్టాను. ప్యానెల్ ఇచ్చేది డీసీ, అందులో రవ్వ లేస్తే ఇంటి లైను ఏసీలో లాగా దానంతటది ఆరిపోదు. లోపల నీలంగా మెరిసింది, ప్లాస్టిక్ కరిగి గోడ మీద కారింది. మీ అత్త ఆ మరక మీద ఇప్పటికీ సున్నం వెయ్యనివ్వదు, నాకు గుర్తుండాలని.

స్టాండు వెల్డింగు చేయించినా, ప్యానెల్‌ని మాత్రం నట్లు, బోల్టులతోనే బిగించు, వాటికి గ్రీజు రాయి. 2013లో ఫైలిన్ తుఫానుకి నా ప్యానెల్ ఎగిరి పక్కవాళ్ల అరటితోటలో పడింది. 2018 అక్టోబరులో తిత్లీ హెచ్చరిక వినగానే పానా పట్టుకుని విప్పేసి మంచం కింద తోశాను. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని మన అరుగు మీదే.

వాలు 20 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. కింద జానెడు ఖాళీ వదులు, గాలాడాలి. ప్యానెల్‌కి వెలుతురు కావాలిగాని వేడి పడదు. 60 డిగ్రీలకి కాగితే అదిచ్చే కరెంటు ఏడో వంతు దాకా తగ్గిపోతుంది.

ఒక్క ప్యానెల్‌తో తుఫానులు ఆగుతాయా అని మీ అత్త ఎత్తిపొడుస్తుంది. ఆగవు. కానీ మన కరెంటులో చాలాభాగం తాల్చేరు లాంటి చోట్ల బొగ్గు కాల్చి చేసిందే. అన్నిరకాల కరెంటూ కలిపి సగటు తీస్తే యూనిట్‌కి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఆ ఫ్యాన్లు రెండూ మార్చి రోజుకి 12 గంటలు వాడితే యూనిట్ మిగులుతుంది. ప్యానెల్ సంగతి తర్వాత, ఆ మిగులు మొదటిరోజు నుంచే.

మీ మేడ పక్క కొబ్బరిచెట్టు ఉంది కదా. ఒక్క మట్ట నీడ పడినా ప్యానెల్‌లో మూడో వంతు పడుకుంటుంది. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీసి ఫోటోలు పంపు. అవి చూశాకే షాపుకి వెళ్దువుగాని.