తెరోంగ్ బకార్: పైన మాడకుండా, లోపల ఉడికేలా

ప్రశ్న: ఇండొనేసియావారు నిప్పుల మీద కాల్చి చేసే కారపు వంకాయను, అంటే తెరోంగ్ బకార్‌ను, ఇంట్లో రెండుసార్లు ప్రయత్నించాను. పొడవు వంకాయలను నిలువునా చీల్చి, మిరప ముద్దలో కెచప్ మానిస్ అనే తియ్యటి సోయా సాస్ కలిపి పట్టించి, గ్యాస్ పొయ్యి మీద ఇనుప జాలీ పెట్టి కాల్చాను. రెండుసార్లూ పైన మాడి చేదెక్కింది, లోపల గట్టిగానే ఉండిపోయింది, కారం పచ్చివాసన వేసింది. మేము శాకాహారులం కాబట్టి తెరాసి, అంటే రొయ్యల ముద్ద, వాడము. అది లేకుండా ఆ రుచి వస్తుందా?

జవాబు: మీరు కాయను సరిగానే ఎంచుకున్నారు; పొరపాటంతా పనుల వరుసలో ఉంది. కెచప్ మానిస్ అంటే సోయా సాస్‌లో తాటిజాతి చెట్ల బెల్లం కలిపి చిక్కగా కాచినది. స్పాంజిలా గాలి నిండిన వంకాయ గుజ్జులోకి వేడి నెమ్మదిగా దిగుతుంది కనుక, కాయ మెత్తబడేలోగా పైనున్న ఆ బెల్లం కాస్తా మాడిపోతుంది. కాయను ముందు ఒట్టిగా కాల్చి, మసాలాను విడిగా వేయించుకొని, చివరి రెండు నిమిషాల్లో మాత్రమే పట్టించండి.

అర కిలో వంకాయలను తొడిమ ఊడకుండా చీల్చి, గుజ్జు మీద అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, నూనె రాసి, సన్నని మంట మీద తొక్క వైపు ముందుగా కాల్చండి. వేలితో నొక్కినప్పుడు పడిన గుంట తిరిగి ఉబ్బకుండా అలాగే నిలిస్తే కాయ ఉడికినట్లు. బొగ్గుల మీద కాల్చితే వచ్చే పొగవాసన గ్యాస్ మంటకు పూర్తిగా రాదు కానీ, తొక్క అక్కడక్కడ నల్లబడేదాకా ఓపిక పడితే చాలావరకు దగ్గరికి వస్తుంది.

ఈ వంటకానికి ప్రాణం సంబల్, అంటే నూరిన మిరప ముద్ద. ఆరు పండు మిరపకాయలు, నాలుగు చాబే రావిత్ అనే చిట్టి మిరపకాయలు, ఆరు చిన్న ఎర్ర ఉల్లిపాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక టమాటా, రెండు కెమిరి (క్యాండిల్‌నట్) గింజలు తీసుకోండి. జావా వంటిళ్లలో వీటిని చోబెక్ అనే వెడల్పాటి రాతి పళ్లెంలో వేసి, వంపు పిడి ఉన్న ఉలెకాన్‌తో దంచకుండా రాస్తూ నూరుతారు. మిక్సీ వాడినా ఫరవాలేదు, నీళ్లు మాత్రం పోయవద్దు. నీరున్న ముద్ద వేగడానికి బదులు ఉడుకుతుంది, మీకు తగిలిన పచ్చివాసనకు తరచుగా కారణం అదే. మూడు చెంచాల నూనెలో ఎనిమిది, పది నిమిషాలు సన్నని సెగన వేయించండి. మొదట కళ్లు మండించే ఉల్లి ఘాటు లేస్తుంది, తర్వాత బుడగలు చిన్నవై, రంగు ముదిరి, అంచుల వెంట ఎర్రటి నూనె తేలుతుంది. ఇండొనేసియా వంటవారు హారుమ్, అంటే సువాసన, అనే మాటతో సూచించే దశ ఇదే. మిరప ఘాటు నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది కనుక ఇలా వేగిన సంబల్ కారం కాయంతటికీ సమంగా పడుతుంది. అప్పుడు ఉప్పు, ఒక చెంచా కెచప్ మానిస్ కలిపి, కాయ గాట్లలోకి దిగేలా పూసి, మెరుపు రాగానే దించి, జెరుక్ లిమావ్ అనే చిన్న నిమ్మ రసం లేదా మామూలు నిమ్మరసం పిండండి.

కెమిరి గింజలను ఎన్నడూ పచ్చిగా తినకూడదు, కడుపులో తిప్పి వాంతులవుతాయి. వేగితే ఇబ్బంది ఉండదు. అవి దొరకకపోతే మకడేమియా గానీ జీడిపప్పు గానీ సంబల్‌కు అదే చిక్కదనం ఇస్తాయి.

ఇక తెరాసి విషయం. పులియబెట్టిన రొయ్యల ముద్ద ఇచ్చే లోతైన రుచిని ఇండొనేసియాలోనే వాడే తావ్‌చో, అంటే పులియబెట్టిన సోయా గింజల ముద్ద, చాలావరకు ఇస్తుంది. ముద్ద సగం వేగాక ఒక చిన్న చెంచాడు వేసి, ఉప్పు తగ్గించండి. జావాలో బాగా మాగిన తెంపేను, అంటే పులియబెట్టిన సోయా గింజల అచ్చును, కూడా సంబల్‌లో నూరుతారు; దాని వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి మొదటిసారి తావ్‌చోతోనే చేసి చూడండి.