ఉలి పట్టే ముందు: పాఠకుల ప్రశ్నలకు పాత శిల్పం మేష్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సంగతి అడిగాయి: శిల్పి కావడానికి దారి ఎటు? వాటన్నిటికీ కలిపి నంద్యాల అమ్మాయి ఉత్తరం కింద కాస్త పెద్దగా రాశాను. మిగిలినవారు కోప్పడవద్దు.

ప్రశ్న: బి.కామ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. చిన్నప్పటి నుంచి బంకమట్టితో బొమ్మలు చేస్తాను. మా వంశంలో శిల్పులెవరూ లేరు. నాన్న ఎంబీఏ చేయమంటున్నారు. ఇరవై ఒకటో ఏట మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, ముందు ఎంబీఏ సంగతి తేల్చుకుందాం. అయోధ్యలో 2024 జనవరిలో ప్రతిష్ఠించిన బాలరాముడి విగ్రహాన్ని చెక్కిన మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ ఎంబీఏ చదివినవారే. తరతరాలుగా ఉలి పట్టిన ఇల్లు వాళ్లది. అయినా డిగ్రీ తీసుకుని కొంతకాలం ప్రైవేటు ఉద్యోగం చేశారు. 2008లో అది మానేసి రాయి దగ్గరికి వచ్చేశారు. ఈ పేరా మాత్రం మీ నాన్నగారికి చూపించకు. ‘చూశావా, ఆయన కూడా ఎంబీఏ చేశాకే’ అంటారు.

వంశం సంగతికి వస్తే శిల్పి మృణాళిని ముఖర్జీ గురించి చెప్పాలి. తల్లి లీల శిల్పి. తండ్రి వినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ చిత్రకారుల్లో పెద్ద పేరు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా ఆమె చదివింది శిల్పం కాదు. గుజరాత్‌లోని బరోడాలో చిత్రలేఖనం, ఆ తర్వాత కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళ. పల్లెటూరి చేతిపనులను తక్కువగా చూడని గురువు ఆయన. ఆ చదువులోంచి బయటికి వచ్చిన మనిషి చేతిలో కుంచె ఉండాలి కదా, నార తాడు కనిపించింది! మగ్గం లేకుండా, ముందుగా కాగితం మీద గీసుకోకుండా, ముడి మీద ముడి వేస్తూ నిలువెత్తు ఆకారాలు అల్లింది. రంగులద్దిన ఆ తాళ్ల ముందు నిలబడితే ఎదురుగా ఉన్నది అమ్మవారో, విచ్చుకుంటున్న పెద్ద పువ్వో తేల్చుకోలేం. శిల్పమంటే రాయీ కంచూ అనుకునేవాళ్లు దీన్ని ఏ గూట్లో పెట్టాలో తెలియక తికమకపడ్డారు. ఆ తికమకతో ఆమెకు నిమిత్తం లేదు. 1990లలో మట్టి వైపు, ఆ తర్వాత కంచు వైపు వెళ్లింది. 2015లో ఢిల్లీలో తన జీవితకాలపు పనిని చూపే ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే కన్నుమూసింది.

నా సంగతీ చెప్పనా? నేను శిల్పంలోకి ఇష్టపడి రాలేదు. చిత్రలేఖనంలో సీట్లు నిండిపోయాయి, శిల్పంలో ఒకటి ఖాళీగా ఉందన్నారు, చేరాను. మొదటి నెలంతా మట్టి తొక్కడమే. హాస్టల్‌కు వచ్చి ఏడ్చిన రోజులున్నాయి. రెండో నెల చివర ఒక చెవి కుదిరింది. ముఖం కాదు, చెవి మాత్రమే. దాని మడతల కోసం బస్సులో ముందు సీటు వాళ్ల చెవులు చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకాయన వెనక్కి తిరిగి గట్టిగా మందలించాడు కూడా. మరుసటి ఏడాది చిత్రలేఖనంలో సీటు ఉంది, మారతావా అని అడిగితే వద్దన్నాను.

కనుక ఇరవై ఒకటి ఆలస్యం కాదు. బి.కామ్ పూర్తి చేయి. మీ జిల్లాలోనే రాతి శిల్పులకు పేరుపడ్డ ఆళ్లగడ్డ ఉంది. సెలవు రోజున పొద్దున్నే వెళ్లి, అనుమతి అడిగి, ఒక శిల్పశాలలో సాయంత్రం దాకా కూర్చో. కోత యంత్రాలు లేపే రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది, మాస్కు మరచిపోకు. ఆ మోత, ఆ ఎండ, ఒకే దెబ్బను వేల సార్లు కొట్టే ఓపిక, ఇవన్నీ చూశాక కూడా మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు చదువు గురించి ఆలోచించు. ఆలయ శిల్పం మీద మనసుంటే తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప శిక్షణ సంస్థ ఉంది. రాయి, లోహం, కొయ్య, సుధ (సున్నపు గారతో చేసే బొమ్మల పని) అన్నీ నేర్పుతారు. స్వతంత్రంగా చేయాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాస్త దూరమైనా బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయం. మూడింటికీ దరఖాస్తు పెట్టు.

ప్రశ్న: ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఉన్న నేతాజీ విగ్రహం రాయి మా జిల్లాదేనట, నిజమేనా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: నిజమే. 280 టన్నుల నల్ల గ్రానైటు బండను ఖమ్మం నుంచి 1,665 కిలోమీటర్లు రోడ్డు మీద తీసుకువెళ్లారు. చెక్కాక మిగిలింది 28 అడుగుల విగ్రహం, 65 టన్నుల బరువు. అంటే నాలుగింట మూడు వంతులకు పైగా రాయి రాలిపోయింది. చెక్కిన బృందానికి పైన చెప్పిన అరుణ్ యోగిరాజే నాయకుడు.

ప్రశ్న: మా ప్రాంతపు ఓజా పనివాళ్లు పోతపోసే డోక్రా లోహపు బొమ్మలను ‘హస్తకళ’ అంటారు. అదే పద్ధతిలో నగరం వాళ్లు చేస్తే ‘శిల్పం’ అంటారు. ఎందుకీ తేడా?
– ఆదిలాబాద్ పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మీరా ముఖర్జీ పేరు వినే ఉంటారు. కోల్‌కతాలో 1923లో పుట్టారు. 1950లలో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి శిల్పం చదివి వచ్చారు. వచ్చాక, ఆ చదువు ఒక్కటీ తనకు చాలదనిపించి ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వెళ్లి అక్కడి పోత పనివాళ్ల దగ్గర శిష్యురాలిగా కూర్చున్నారు. లోపల మట్టి ముద్ద, దాని మీద మైనపు తీగల చుట్లు, పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. మీ ఓజాలు చేసేదీ ఇదే కదా. మీరా ఆ పద్ధతిని పెద్ద పెద్ద కంచు బొమ్మలకు తీసుకువెళ్లారు. కళింగ యుద్ధం తర్వాతి అశోకుణ్ని మనిషికి రెట్టింపు ఎత్తున పోతపోశారు. అంతేకాదు, దేశమంతా తిరిగి లోహపు పనివాళ్ల మీద పుస్తకం రాశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆమె ఏనాడూ దాచలేదు. తేడా పెట్టింది ఆమె కాదు, ధర చీటీలు రాసేవాళ్లు. ఒక చీటీ మీద చేసినవారి పేరు ఉంటుంది, ఇంకో చీటీ మీద ఊరి పేరు మాత్రమే ఉంటుంది. మీరు కొనేటప్పుడు చేసినవారి పేరు అడిగి, బొమ్మ అడుగున రాయించుకోండి. నేను అలాగే చేస్తాను.

ప్రశ్న: ఫైబర్ గ్లాసుతో చేసి రంగులు పూసినదాన్ని కూడా శిల్పం అనాలా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: అనాలి. సూర్యాపేటలో 1956లో పుట్టిన జి. రవీందర్ రెడ్డి గారు బరోడాలోనూ లండన్‌లోనూ చదివి, విశాఖలో స్థిరపడి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. లండన్ దాకా వెళ్లి వచ్చిన మనిషి చేసిందేమిటి? కొప్పు పెట్టి, పూలు తురుముకుని, కళ్లు విప్పార్చి చూసే మన ఆడవాళ్ల తలలు. బంగారు రేకు, ముదురు రంగులు, గుమ్మం పట్టనంత పరిమాణం. గ్రామదేవత కళ్లు అవి, రెప్ప వాల్చవు. ఆ ముఖాన్ని రంగు లేకుండా ఊహించుకోండి, సగం పోతుంది. మన గుళ్ల గోపురాల మీది సుధ బొమ్మలకు రంగులు లేవా? రంగు వేస్తే శిల్పం చెడుతుందన్నది మన పాఠ్యపుస్తకాలు నేర్పిన పట్టింపు.

ప్రశ్న: హైదరాబాద్‌లోని 125 అడుగుల అంబేద్కర్ విగ్రహ శిల్పి ఎవరు? ఆయన ఎక్కడ నేర్చుకున్నారు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, సిద్దిపేట

జవాబు: రామ్ సుతార్. మహారాష్ట్రలోని గోందూర్ అనే పల్లెలో 1925లో పుట్టారు. ముంబయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. 1954 నుంచి 1958 వరకు పురావస్తు శాఖలో అజంతా, ఎల్లోరా శిల్పాల మరమ్మతు పని చేశారు. ఎవరో ఎప్పుడో చెక్కిన బొమ్మను బాగుచేయాలంటే ఆ చేయి ఎటు కదిలిందో కనిపెట్టాలి. నన్నడిగితే అంతకన్నా గట్టి చదువు కళాశాలలో దొరకదు. గుజరాత్‌లోని 182 మీటర్ల పటేల్ విగ్రహానికి రూపం ఇచ్చిందీ ఆయనే.

ప్రశ్న: మా అమ్మ ముఖాన్ని మట్టితో చేశాను. ఆరుతూ ఉండగా నుదుటి మీద పగిలింది. ఎందుకు?
– డల్లాస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: లోపల గుల్ల చేయలేదు కదూ? పైపొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపలి ముద్ద తడిగానే ఉంటుంది, అందుకే పగులుతుంది. ఈసారి పూర్తయ్యాక, మట్టి కాస్త గట్టిపడగానే తలను వెనక నుంచి తీగతో కోసి, లోపలి మట్టి తోడేయండి. గోడ బొటనవేలి మందం ఉంటే చాలు. కోసిన ముక్కను పల్చని మట్టి నీళ్లతో అతికించి, అడుగున చిన్న రంధ్రం వదలండి. ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి నీడలో పది రోజులు ఆరనివ్వండి. కాల్చలేదు కాబట్టి, పగిలిన తలను పారేయకండి. పూర్తిగా ఆరాక చితక్కొట్టి బకెట్ నీళ్లలో వేస్తే రెండు రోజుల్లో మళ్లీ మెత్తని మట్టి అవుతుంది.