బుడగ చూసి మురిసిపోకు

గరివిడి

చి. మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తానని రాశావు. ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఇది మన ప్రాంతానికి పరాయి విషయం కాదమ్మా. ఆకులో నీటిని విడగొట్టే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఉంటాయి. ఆ మాంగనీసునే మన గర్భాం గనుల్లో తవ్వారు. నువ్వు వాడబోయే టైటానియం డయాక్సైడును ఇల్మెనైటు అనే ఖనిజం నుంచి తీస్తారు. అది భావనపాడు తీరంలోని ఇసుకలో ఉంది.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడు మీద కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టి చూపారు. అయితే దానికి అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అది సుమారు ఇరవయ్యో వంతే. మే నెల ఎండ ఎంత మండినా గ్యాసు కొద్దిగానే వస్తుంది. తక్కువ వస్తే దిగులుపడకు, ఎక్కువ వస్తే అనుమానించు.

నేను అనుమానించలేదు. పరిశోధన చేసే రోజుల్లో ఒకసారి గ్యాసు ధారాళంగా వచ్చింది. గురువుగారికి పరుగున వెళ్ళి చెప్పాను. "ఆక్సిజన్ ఏదీ?" అన్నారాయన. లేదు. ఫలితం త్వరగా రావాలని నేను కలిపిన మిథనాల్ అనే ఆల్కహాలు నీటికి బదులు ఆక్సీకరణం చెందుతోంది, అందుకే ఆక్సిజన్ రాలేదు. మూడు నెలల పని పక్కన పెట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మిథనాల్ కలపడం తప్పు కాదు, కలిపి నీటిని విడగొట్టానని రాయడమే తప్పు.

కాబట్టి రెండు పాళ్ళ హైడ్రోజన్‌కు ఒక పాలు ఆక్సిజన్ కనబడేదాకా నమ్మకు. నీటిలో కరిగిన గాలిని దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువుతో వెళ్ళగొట్టు, గ్యాసులను వేరుచేసి కొలిచే క్రొమటోగ్రాఫులోనూ ఆర్గానే పారించు. నైట్రోజన్ కనబడిందంటే బయటి గాలి దూరినట్టే, అప్పుడు ఆ ఆక్సిజన్‌ను లెక్కలోకి తీసుకోకు. కాంతి లేకుండా ఒకసారి, టైటానియం డయాక్సైడు పొడి వేయకుండా ఒకసారి తప్పక చేయి. స్వేదనజలమే వాడు, బోరు నీరు వద్దు.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. పాత్ర దగ్గరకు అగ్గిపుల్ల తీసుకెళ్ళకు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే అంటుకుంటుంది. నీ పాత్రలో దానికి తోడు ఆక్సిజన్ కూడా ఉంటుంది. ఎండకు బదులు అతినీలలోహిత దీపం వాడితే ఆ కాంతిని ఆపే కళ్ళద్దాలు పెట్టుకో.

దసరాకు వచ్చేటప్పుడు నోటుపుస్తకం తీసుకురా. చీకట్లో చేసిన ప్రయోగం పేజీ ముందు చూస్తాను.

మీ తాతయ్య