కొత్త రంగు కింద పోయిన ఎర్త్

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. లోపలే మకాం పెట్టుకునే నీ పాత క్యాంపర్ వ్యాన్‌లో బ్రేకు తొక్కితే కుడివైపు ఇండికేటర్ గుడ్డిగా వెలుగుతోందని, ముందున్న పార్కింగ్ లైట్లు కూడా దాంతో పాటు మినుకుమంటున్నాయని రాశావు. నవ్వు అందుకు. ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బా), బ్రేకు స్విచ్, ఇండికేటర్ స్విచ్ మూడూ కొత్తవి తెప్పిస్తున్నానన్నావు చూడు, భయం అక్కడ. ఆగమ్మా. ఆ మూడింటి జోలికి ఇప్పుడే పోకు. నువ్వు చెప్పిన లక్షణాలు వెనక కుడి లైటుకు ఎర్త్ అందనప్పుడు కనిపించేవి.

ఎలాగో చెప్తాను. పాత బండికి ఇనుప బాడీయే రెండో వైరు. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచి వెళ్లి, బల్బు హోల్డరు ద్వారా బాడీలోకి దిగి, బాడీ మీదుగా మైనస్‌కు చేరాలి. హోల్డరు బాడీని తాకే చోట తుప్పు పట్టిందనుకో, కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. వెనక లైటు బల్బులో రెండు తీగలుంటాయి: బ్రేకుకు 21 వాట్లది, పార్కింగ్‌కు 5 వాట్లది. రెండింటికీ ఎర్త్ ఒకటే. ఆ ఎర్త్ లేకపోతే బ్రేకు తీగలోంచి వచ్చిన కరెంటు పార్కింగ్ తీగలోకి ఎదురెక్కి, ఆ వైరు పట్టుకుని ముందు లైట్ల దాకా పోయి అక్కడ దిగుతుంది. పక్కనే ఉన్న ఇండికేటర్ బల్బుదీ అదే ఎర్త్ కాబట్టి అందులోకీ కొంత దూరుతుంది. ఒకటి వేస్తే ఇంకేదో వెలిగిందంటే, మిగతావన్నీ పక్కన పెట్టి ఎర్త్ చూడు.

పైగా నీ బండికి కొత్తగా రంగు వేయించావు. ఫొటోలో ముచ్చటగా ఉంది, కాదనను. అయితే రంగు వేసేవాళ్లు ఎర్త్ బోల్టుల చుట్టూ చూసుకుని వేయరు. రంగులోంచి కరెంటు పారదు. లైటు విప్పి, అది బాడీకి ఆనుకునే చోట, ఎర్త్ వైరు బిగించే చోట గరుకు కాగితంతో లోహం తళతళలాడే దాకా రుద్దు. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించు. పైన కాస్త వాసెలిన్ రాయి, మళ్లీ తుప్పు పట్టకుండా. ముందు రాసి తర్వాత బిగించడం కాదు, బిగించాకే రాయాలి. హోల్డరు లోపల పచ్చటి చిలుము ఉంటే అదీ గీకెయ్.

నేను చెప్పానని నమ్మేయకు, మీటరు పెట్టి చూడు. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు. మామూలు మల్టీమీటరు చాలు, డీసీ 20 వోల్టుల మీద పెట్టు. నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన హోల్డరు లోహం మీద ఆనించి, ఎవరినైనా బ్రేకు తొక్కమను. సున్నాకు దగ్గరగా చూపించాలి. 0.2 దాకా ఫరవాలేదు. ఒక వోల్టు, రెండు వోల్టులు చూపిస్తే అంత వోల్టేజీ ఎర్త్ దారిలోనే పోతున్నట్టు. తర్వాత ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ మీద, నల్ల మొన బల్బుకు కరెంటు వచ్చే పిన్ను మీద. ఇక్కడ 0.5 లోపు ఉండాలి. ఎక్కువుంటే స్విచ్చో ఫ్యూజో కనెక్టరో దారిలో తినేస్తోంది. ఒక్కో కీలు దగ్గర ఆగుతూ కొలుచుకుంటూ వెళ్తే అంకె ఒకచోట ఒక్కసారిగా మారుతుంది. దొంగ అక్కడే.

బల్బు వెలుగుతుండగానే కొలవాలి, ఇది మర్చిపోకు. చాలామంది బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెట్టి, 12 వోల్టులు వచ్చేస్తున్నాయి, వైరింగు బాగుంది అంటారు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపిస్తుంది. బరువు పడితేనే దాని బండారం బయటపడుతుంది. బల్బుకు 10 వోల్టులే అందితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. పాత బండి హెడ్‌లైట్లు అంతే అని సరిపెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. నా మొదటి వ్యాన్ సెల్ఫ్ సరిగా తిరగకపోతే బ్యాటరీ మార్చాను. అయినా మూలిగింది. సెల్ఫ్ మార్చాను. అయినా మూలిగింది. ఒకరోజు స్టార్ట్ చేస్తుంటే యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కి కాలిన వాసన వచ్చింది. ఇంజన్, గేర్‌బాక్స్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి కదా, వాటిని బాడీకి కలిపేది ఒక్క అల్లిక ఎర్త్ పట్టీ. అది తెగి ఉంది. సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లూ పాపం ఆ సన్నటి కేబుల్‌లోంచి వెనక్కి పోవాలని చూస్తున్నాయి. చేతిలో మీటరు ఉండి కూడా అప్పుడు కొలవలేదు నేను! నువ్వు బండి కిందకి దూరిన రోజు ఆ పట్టీ చూడు. జాకీ ఒక్కదాన్నీ నమ్ముకుని మాత్రం దూరకు, స్టాండ్లు పెట్టు.

నీది ఇంజన్ వెనకుండే జర్మన్ బండి కాబట్టి ఇంకో సంగతి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటే, సెల్ఫ్ పోయిందనుకోకు. తాళం దగ్గర్నుంచి సాలినాయిడ్, అంటే సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్, దాకా ఆ వైరు బండంత పొడవు. స్విచ్ అరిగి, వైరు పాతబడి దారిలో వోల్టేజీ రాలిపోతుంది. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు సాలినాయిడ్ 50వ నంబరు టెర్మినల్ దగ్గర కొలువు. బ్యాటరీ దగ్గర 11 ఉండి ఇక్కడ 8 వస్తుంటే ఒక రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టిస్తే సరిపోతుంది. గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకున్నాకే ఈ పని.

నంబర్లంటే గుర్తొచ్చింది. జర్మన్ బండ్లలో ప్రతి టెర్మినల్ మీదా చిన్న అంకె ఉంటుంది, డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, 15 తాళం తిప్పాక వచ్చేది, 31 ఎర్త్, 61 ఛార్జింగ్ ఎర్ర దీపం. ఎర్ర వైరు 30, నల్లది 15, గోధుమ రంగుది ఎర్త్. నలుపంటే మైనస్ అనుకుని ఎర్త్‌కు కలిపేవు, పొగ వస్తుంది. అయినా నీకు ముందున్న యజమానులు ఏ రంగు చేతికొస్తే ఆ రంగు వైరు లాగి ఉంటారు, కాబట్టి రంగును సగమే నమ్ము. వైరు మీద నొక్కి కరిపించిన ప్లాస్టిక్ క్లిప్పులు, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కనపడితే తీసేసి సరైన క్రింపు (వైరు మీద పట్టకారుతో నొక్కి బిగించే లోహపు కొస) వెయ్.

ఫ్యూజులు నీ బండిలో మొనదేలిన పాత రకం: తెల్లవి 8 ఆంపియర్లు, ఎర్రవి 16. కాలిపోకుండానే మోసం చేస్తాయి, మొనల దగ్గర చిలుము పట్టి. వేలితో ఒక్కోదాన్నీ తిప్పి చూడు, ఆగిపోయినవి ఏవైనా బతకొచ్చు. తర్వాత బ్యాటరీ మైనస్ తీసేసి ఫ్యూజులను పట్టుకునే పట్టీలు శుభ్రం చెయ్. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయకు, సిగరెట్ రేకు చుట్టడం అసలే వద్దు. ఫ్యూజు కాలడం మానేస్తే కాలేది వైరు. ఆ దారిలోని బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును రెండు వైర్లతో తగిలించు. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. వైర్ల కట్టను అక్కడక్కడా కదుపుతూ పో. ఎక్కడ కదిపితే ఆరిందో, అక్కడ ఏదో రేకు అంచు వైరు తొక్క కోసి ఉంటుంది.

నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్ అవుతోందన్నావు. ముందు ఛార్జింగ్ చూడు. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా 12.6 చూపాలి, ఇంజన్ కొంచెం రేజ్ చేస్తే సుమారు 14 రావాలి. అది బాగుంటే, అన్నీ ఆపి మైనస్ క్లాంపు తీసి, మీటరును 10 ఆంపియర్ల మీదకు మార్చి క్లాంపుకూ మైనస్‌కూ మధ్య పెట్టు. 0.05 దాటకూడదు. అర ఆంపియర్ పోతుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు, అంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు ఆగదు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడు. నాకు అనుమానం రేడియో మీద. మీటరు అలా ఉండగా తాళం తిప్పావో, మీటరు ఫ్యూజు పోతుంది.

లోపల లైట్లు, నీళ్ల పంపు నడిపే రెండో బ్యాటరీకి ఒక్కటే పరీక్ష: ఇంజన్ నడుస్తుండగా దాని మీద 13.5 దాటిందా లేదా. దాటకపోతే తప్పు రెండు బ్యాటరీలనూ కలిపే రిలేది, లేదా దాని ఫ్యూజుది. రెండు బ్యాటరీలను కలిపే వైరుకు రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, లేకపోతే ఇవాళే పెట్టించు. బయటి నుంచి 230 వోల్టులు తెచ్చుకునే సాకెట్టు ఉందన్నావు కదా, దాన్ని ముట్టుకోకు. అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని.

ఏది విప్పినా ముందు మైనస్ తీయి, ఉంగరం, గాజులు పక్కన పెట్టు. పెట్రోలు గొట్టాల మీద ఒక కన్నేసి ఉంచు, వాటికీ నీ బండంత వయసుంది.

ఆ ఆర్డరు ఆపేసి, బ్రేకు తొక్కినప్పుడు హోల్డరు దగ్గర ఎంత వచ్చిందో, గరుకు కాగితం పెట్టాక ఎంత వచ్చిందో, రెండు అంకెలూ రాసి పంపు.

మీ మామయ్య